కొత్త బ్యాటరీని నదిలో ఎందుకు వేయించానంటే

మా చుట్టాల్లోనూ మా కాలనీలోనూ ఈ కథ ఒకే రకంగా నడుస్తోంది. కార్తీకమాసంలో వనభోజనానికి పడవలో వెళ్ళామట, తిరిగొచ్చేటప్పుడు ఇంజన్ స్టార్టు కాలేదట, నాకు ఒళ్ళు మండి మా బావగారు కొన్న కొత్త బ్యాటరీని ఎత్తి నదిలో పారేశానట. పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో ఒకరు మొదలుపెడతారు. మిగతావాళ్ళు నవ్వుతూ నా వైపు తిరుగుతారు. మొన్న సుపేలా బజారులో బ్లౌజు కొలతలు తీసుకుంటూ దర్జీ కూడా అడిగాడు, నిజమేనా దీదీ అని.

నా నోరు మంచిది కాదన్న సంగతి నేనెప్పుడూ దాచుకోలేదు. ఆటోవాడితో, కాలేజీ ప్రిన్సిపాలుతో, పాలలో నీళ్ళు కలిపే భయ్యాతో, అందరితోనూ వాదించాను. చాలాసార్లు గెలిచాను. అందుకే ఈ కథ అంత సులువుగా నమ్ముతున్నారు. కానీ ఇరవై కిలోలు దాటే బ్యాటరీని, వంగితే నడుం పట్టేసే నేను ఒక్కదాన్నే ఎత్తి విసిరానని నమ్మేవాళ్ళు ఎప్పుడైనా బ్యాటరీ ఎత్తి చూశారా? ఎత్తింది మా ఆయన. వెయ్యమన్నది నేను. కోపం అసలు లేదు. ఆ పావుగంటలో నాకు కోపం తెచ్చుకునేంత తీరిక ఎవరూ ఇవ్వలేదు. ఉన్నదల్లా భయం.

మొదటినుంచీ చెబుతాను.

మా ఆయన, వాళ్ళ అన్నగారు ఇద్దరూ ఇక్కడి స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ వాళ్ళే. మామగారు విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి అందులో చేరితే, కొడుకులిద్దరూ ఆ గేటులోంచే లోపలికి వెళ్ళారు. మా బావగారు మూడేళ్ళ క్రితం రిటైరయ్యారు. రిటైరైన మనిషి ఇంట్లో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసి, అవి అయిపోయాక పక్కిళ్ళవి బాగుచేసి, అవీ అయిపోయాక ఒక పడవ కొన్నారు. కుమ్హారి దాటాక ఖారున్ నది ఒడ్డున ఎవరో జనాన్ని షికారు తిప్పి, గిట్టక మానేసిన పడవ అది. ఫైబరుది, ఆరుగురు పడతారు. వెనక చెక్కకి తగిలించిన మోటారు. తాళం తిప్పితే సెల్ఫ్ స్టార్టు. దానికి కరెంటు ఇచ్చే బ్యాటరీ వెనక సీటు కింద ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. పాత బ్యాటరీ చచ్చిందని ఆయన కొత్తది వేయించారు. దాన్ని ముందు చార్జింగుకి పెట్టండని దుకాణంవాడు అన్నాడట. ఇంజన్ నడుస్తుంటే అదే నిండుతుందిలే అన్నారట మా బావగారు.

ఇక్కడి తెలుగువాళ్ళ వనభోజనాలు సెక్టారు పార్కుల్లో జరుగుతాయి. ఉన్న ఒక్క ఉసిరిచెట్టు కింద వంతులవారీగా విస్తళ్ళు వేస్తారు. రెండో వంతువాళ్ళకి పులిహోర ఉంటుంది, నీడ ఉండదు. ఆ ఏడు మా బావగారు, నదికి అవతల ఒడ్డున, ఎగువకి వెళితే వరసగా ఉసిరిచెట్లు ఉన్నాయని, దారి లేదు గనక ఎవరూ రారని కనిపెట్టారు. మా అత్తగారికి అది వినగానే కళ్ళు మెరిశాయి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, భీమిలి పక్క సముద్రపు ఊళ్ళో పుట్టింది. పడవ అనగానే లేచి చీర మార్చుకుంది. అలా నలుగురం బయల్దేరాం. అత్తగారు, బావగారు, మా ఆయన, నేను. తోటికోడలు తెలివైంది, కాలు బెణికిందని ఇంట్లో ఉండిపోయింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. నేను బావగారితో నేరుగా వాదించను. అత్తగారి కాలంలో అయితే బావగారి ఎదుట పడేవాళ్ళే కాదట. నా కాలానికి ఎదుటపడి కాఫీ ఇచ్చేదాకా సడలింది. కానీ ఆయన మాటకి అడ్డు చెప్పాలంటే మాత్రం నేను మా ఆయనతో అంటాను, "ఏవండీ, బావగారితో ఇలా చెప్పండి" అని. బావగారు పక్కనే కూర్చుని వింటూనే ఉంటారు. మా ఆయన అదే మాటని కాస్త నీళ్ళు కలిపి అన్నగారికి అందిస్తారు. ఊరంతటితో గొడవపడే నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ పద్ధతి తప్పలేదు.

పొద్దున తొమ్మిదింటికి ఇంజన్ తాళం తిప్పగానే అంటుకుంది. మా బావగారి మొహం వెలిగింది. అంతటితో వదిలెయ్యచ్చు కదా. చార్జింగు వస్తోందో లేదో చూపిస్తానని, ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ మీది ఎర్ర వైరు ఊడదీశారు. ఇంజన్ ఆగలేదు. "చూశారా, వైరు లేకపోయినా నడుస్తంది. డైనమో పాస్" అన్నారు. మళ్ళీ వైరు తగిలించారు. పాత జీపుల కాలంలో ప్లాంటు గ్యారేజీలో అలాగే పరీక్ష చేసేవారట.

అంతకు రెండేళ్ళ ముందు మా కారుకి మా ఆయన ఇదే పరీక్ష చేశారు. సుపేలా మెకానిక్ విప్పి చూపించాడు, లోపల చార్జింగు చేసే ప్లేటు కాలిపోయింది. ఇంజన్ తయారుచేసే కరెంటు వెళ్ళడానికి బ్యాటరీ లేకపోతే ఆ పోటు ఆ ప్లేటు మీదే పడుతుందని వాడు చెప్పాడు. నేను ఫిజిక్సు చదువుకున్నదాన్ని, నాకు వెంటనే అర్థమైంది. మా ఆయనకి బిల్లు చూశాక అర్థమైంది. కాబట్టి ఆ రోజు ఒడ్డున మా ఇద్దరికీ తెలుసు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నీళ్ళ వైపు చూశారు. అత్తగారు ముందు సీట్లో సంబరంగా కూర్చుని ఉంది. పండగపూట పెద్దాయన్ని చిన్నబుచ్చడం ఎందుకని నేను నోరు మూసుకున్నాను. నా నోటికి పేరు తెచ్చిన గొడవలన్నీ ఒక ఎత్తు, ఈ మౌనం ఒక ఎత్తు. దీని గురించి మాత్రం ఎవరూ కథ చెప్పుకోరు.

వెళ్ళేటప్పుడు నది అందంగానే ఉంది, కానీ నేను దాన్ని చూళ్ళేదు. వెనక సీటు కిందున్న పెట్టెనే చూస్తూ కూర్చున్నాను. ఆ ఏడు వానలు ఆలస్యంగా వెళ్ళాయి, నీళ్ళు నిండుగా, కొంచెం ఎర్రగా, తొందరగా పోతున్నాయి. పైనుంచి గుర్రపుడెక్క తేలుకుంటూ వస్తోంది. అది మోటారు పంకాకి చుట్టుకున్నప్పుడల్లా బావగారు ఇంజన్ ఆపి, మోటారు పైకి వంచి, ఆకులు పీకి, మళ్ళీ తాళం తిప్పేవారు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. ప్రతిసారీ ఆ బ్యాటరీలోంచి కొంత పోతోంది, తిరిగి ఏమీ రావటం లేదు. లెక్క నాకు తెలుస్తోంది. నాలుగోసారి సెల్ఫ్ తిరిగిన చప్పుడు మొదటిసారి లాగా లేదు.

ఉసిరిచెట్ల కింద భోజనం బాగుందని అత్తగారు ఇప్పటికీ అంటుంది. నాకు రుచి గుర్తులేదు. విస్తళ్ళు తీస్తూ మా ఆయనతో మెల్లగా అన్నాను, "వైరు పీకారు కదా, చార్జింగు పోయి ఉంటుంది. బావగారితో చెప్పండి, ఇక దారిలో ఇంజన్ ఆపొద్దని."

"నువ్వు ఊరికే భయపడతావు" అన్నారాయన. ఆయన కూడా భయపడుతున్నారని ఆ గొంతే చెప్పింది. అన్నగారికి చెప్పారో లేదో నాకు తెలీదు.

తిరుగు ప్రయాణానికి ముందు మా ఆయనా నేనూ గిన్నెలు కడగడానికి కొంచెం ఎగువకి వెళ్ళాం. మేం వచ్చేసరికి అత్తగారు శాలువా నిండా కప్పుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది. బావగారు తాళం తిప్పుతున్నారు. మోటారు ముసలి గేదె లేచినట్టు మూలిగింది. ఆగింది. మళ్ళీ మూలిగింది. మూడోసారి అంటుకుంది. ఆయన వెనక్కి తిరగకుండానే "ఎక్కండి, ఎక్కండి" అన్నారు.

ఇక్కడ నది సంగతి ఒకటి చెప్పాలి. మేం పడవ ఎక్కిన రేవుకి దిగువన, కిలోమీటరు కూడా ఉండదు, నదికి అడ్డంగా సిమెంటు గోడ ఉంది. ఇక్కడివాళ్ళు ఎనీకట్ అంటారు. ఎండాకాలంలో దాని మీద సైకిళ్ళు పోతాయి. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు గోడ కనపడదు, దాని మీంచి నీళ్ళు జారి అవతల సిమెంటు దిమ్మల మీద పడతాయి. పైనుంచి చూస్తే నది అక్కడ గీత గీసినట్టు ఆగిపోయి, గీతకి అవతల ఏమీ లేనట్టు ఉంటుంది. ప్రతి ఏడూ పశువులో మనుషులో అక్కడ పోతూనే ఉంటారు.

రేవు కనపడుతుండగా గుర్రపుడెక్క పెద్ద చాప లాంటిది వచ్చి మోటారుకి చుట్టుకుంది. ఇంజన్ గొంతు మారింది. నేను "ఆపొద్దని చెప్పండి" అన్నాను. మా ఆయన "అన్నయ్యా" అనేలోగా బావగారి చెయ్యి తాళం మీదికి వెళ్ళిపోయింది. ఆపేశారు. మోటారు పైకి వంచి ఆకులు పీకారు, దింపారు, తాళం తిప్పారు.

టిక్.

అంతే. మూలుగు కూడా లేదు. మళ్ళీ తిప్పారు. టిక్.

ఇంజన్ చప్పుడు పోయాక నాకు ఇంకో చప్పుడు వినపడింది. దిగువ నుంచి, దూరంగా, చాలా లారీలు ఒకేసారి పోతున్నట్టు. ఎనీకట్ మీంచి నీళ్ళు పడే చప్పుడు అది. పొద్దున రేవులో కూడా ఉండే ఉంటుంది, ఎవరు పట్టించుకున్నారు.

మా బావగారు జేబులోంచి, కరెంటు ఉందో లేదో చూసే టెస్టు ల్యాంపు తీశారు. రిటైరైనా అది జేబులోనే ఉంటుంది. "కంగారు వద్దు. ముందు ఫాల్ట్ ఎక్కడుందో పట్టుకోవాలి. ఒక్కొక్కటీ చూద్దాం" అని బ్యాటరీ పెట్టె మూత తీసి కూర్చున్నారు. మా ఆయన కూడా పక్కనే వంగారు. అన్నదమ్ములిద్దరూ నట్లు బిగించి, వైరు గీకి, దీపం పెట్టి చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు వాళ్ళు చేసిన పని అదే. ప్లాంటులో మిషను ఆగిందంటే అంతా ఆగుతుంది. పై ఆఫీసరు వచ్చి అరిచినా సరే, వరసగా చూసుకుంటూ పోతారు, తప్పు దొరికాక గానీ లేవరు. ఆ పద్ధతి మంచిదే, దాని వల్లే ఇద్దరూ చేతులూ కాళ్ళూ పోగొట్టుకోకుండా ఇంటికొచ్చారు. కానీ ఇక్కడ ఇంజన్ ఆగింది గానీ పడవ ఆగలేదు. రేవు మా పక్కనుంచి వెళ్ళిపోతోంది. మేం పొద్దున కారు పెట్టిన వేపచెట్టు కనపడింది, తెల్ల కారు కనపడింది, తరవాత అవి వెనక్కి పోయాయి. తల వంచుకున్న మగవాళ్ళిద్దరూ అది చూడనేలేదు.

ఒకే ఒక తెడ్డు ఉంది. నేను దాంతో నీళ్ళు తోశాను. పడవ గుండ్రంగా తిరిగింది తప్ప ఒడ్డు వైపు జరగలేదు. తెడ్డు పడేసి, ముందు సీటు కింద పొద్దున చూసిన నారింజరంగు లైఫ్ జాకెట్ కోసం వంగి వెతికాను. ఆ పడవలో ఉన్నదే ఒక్కటి. అది కూడా కనపడలేదు. భోజనాల దగ్గర వదిలేసి వచ్చామనుకున్నాను. నాకు ఈత రాదు. అత్తగారికి రాదు. మా ఆయనకి చెరువులో అటూ ఇటూ పోయేంత వచ్చు. ఆ నీళ్ళని చెరువు అనడానికి లేదు.

"ఏవండీ, బావగారితో చెప్పండి" అన్నాను. "బ్యాటరీతో పని లేదు. స్కూటర్ బ్యాటరీ చచ్చిపోతే కిక్ కొట్టి పోయేవాళ్ళం కదా. తాడు చుట్టి లాగమనండి."

మా ఆయన తలెత్తకుండా, "అన్నయ్యా, తాడుతో లాగుదామా?" అన్నారు.

"తాడు ఇంటి దగ్గరుండిపోయింది. సెల్ఫ్ ఉన్నాక ఎందుకని తీసి పెట్టాను. ఉండరా, లూజు కనెక్షన్ లాగుంది."

చప్పుడు పెరిగింది. అత్తగారు వెనక్కి తిరిగి, "లంగరు ఎయ్యండిరా" అంది.

"లంగరు లేదమ్మా."

"లంగరు లేకుండా పడవేటిరా? మీ నాన్న ఉంటే తన్నీవోడు."

నాకు ఆ గీత కనపడింది. నది అక్కడికి వచ్చి ఆగిపోతోంది, అవతల చెట్ల కొనలు మాత్రం ఉన్నాయి. ఇక మా ఆయనకి చెప్పి, ఆయన నీళ్ళు కలిపి అందించి, జవాబు మళ్ళీ నా దాకా వచ్చేంత దూరం మిగల్లేదు.

"బావగారూ, చెయ్యి తియ్యండి" అన్నాను. ఇరవై ఆరేళ్ళలో ఆయనతో నేను నేరుగా అన్న మొదటి ఎదురుమాట అది. ఆయన నిజంగానే చెయ్యి తీసేసి నా మొహంలోకి చూశారు. "ఆ బ్యాటరీకి కట్టుతాడు కట్టి నీళ్ళలో వెయ్యండి."

"కొత్త బ్యాటరీ అమ్మా అది."

"మేం పాతవాళ్ళమా బావగారూ?"

మా ఆయన అప్పటికే వైర్లు ఊడదీస్తున్నారు. పడవని రేవులో కట్టే తాడుని బ్యాటరీ పిడికి, చుట్టూ అడ్డంగా, నిలువుగా కట్టారు. ముడి రెండుసార్లు జారింది. వెనకనుంచి వెయ్యబోతే అత్తగారు "ముందునించి, ముందునించి, ఎనకనించి ఏస్తే పడవ మునుగుతాది" అని అరిచింది. ఆయన బ్యాటరీని కడుపుకి ఆనించుకుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ ముందుకు వెళ్ళి వదిలారు. తాడు సర్రున పోయింది. తరవాత బిగిసింది. పడవ ముక్కు తిరిగింది కానీ ఆగలేదు, అడుగున బ్యాటరీ ఈడ్చుకుంటూ వస్తున్నట్టు తాడు కొట్టుకుంది. నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు, చప్పుడు వింటూ ఉన్నానంతే. అప్పుడు ఎక్కడో రాళ్ళలో పట్టుకుంది. పడవ ఒక్క కుదుపు కుదిపి నిలబడింది. నీళ్ళు మా రెండు పక్కలా అలాగే పోతున్నాయి. గీత అక్కడుంది, మా వీధి ఈ చివరినుంచి ఆ చివరంత దూరంలో.

అంతా అయిపోయిందనుకోకండి. ఆ తాడు ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలీదు. విస్తళ్ళ కట్టకి కట్టిన నైలాను తాడు విప్పి ఇచ్చాను. మోటారు మూత తీస్తే పైన చక్రం ఉంటుంది, దానికో గాడి. తాడు చివర ముడి వేసి, గాడిలో ఇరికించి, చుట్టి, లాగాలి. మొదటిసారి ముడి ఊడి మా ఆయన అత్తగారి కాళ్ళ దగ్గర వెల్లకిలా పడ్డారు. రెండోసారి తాడు ఆయన అరచెయ్యి కోసింది. మూడోసారి బావగారు లాగారు, ఇంజన్ దగ్గి ఊరుకుంది. నాలుగోసారి ఇద్దరూ కలిసి లాగారు. అంటుకుంది. బ్యాటరీని పైకి లాగబోతే రాలేదు. లాగుతూ కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. నేను కూరలు తరిగిన కత్తితో తాడు కోసేశాను. ఇదీ, నేను బ్యాటరీ పారెయ్యడమంటే.

ఒడ్డుకి చేరాం. బావగారు వేపచెట్టు కింద కూర్చుని చేతులు చూసుకుంటున్నారు. తడిసిన శాలువా తీసేద్దామని నేను అత్తగారి దగ్గరకి వెళ్ళాను. శాలువా తీస్తే లోపల నారింజరంగు జాకెట్ ఉంది. మూడు పట్టీలూ బిగించి, కింది పట్టీకి అదనంగా ప్లాంటువాళ్ళు వేసే జారని ముడి వేసి. నేను పడవంతా వెతికిన జాకెట్.

"ఇదెప్పుడు కట్టుకున్నారు?" అని అడిగాను.

"మీరు గిన్నెలు తోముతుంటే పెద్దోడే కట్టేడే. చలేస్తదమ్మా, లోపలేసుకో, పైన శాలువా కప్పుకో, ఆళ్ళకి చెప్పకు, నవ్వుతారు అన్నాడు."

చాలాసేపు నేను ఆ పట్టీలు విప్పలేకపోయాను. ముడి అంత గట్టిది.

తరవాత మెకానిక్ మోటారు విప్పి, ప్లేటు కాలిపోయిందని చెప్పాడు. నడుస్తుండగా వైరు ఎవరు తీశారని అడిగితే బావగారు టీ తెప్పించారు. పడవ అమ్మేశారు. కథ మాత్రం నా పేరు మీద ఉంది. ఇప్పటికీ గ్యాసు లైటరు ఒకసారి నొక్కి మంట రాకపోతే, ఆ టిక్ చప్పుడుకి నా అరచేతులు తడుస్తాయి. వంటింట్లో, పట్టపగలు, కాళ్ళ కింద గచ్చు ఉండగా.

ఉన్న ఒక్క జాకెట్ తల్లికి కట్టడంలో తప్పు లేదు. నేనైనా ఆవిడకే కట్టేదాన్ని. నా బాధ అది కాదు. మా ఆయన ద్వారా బావగారిని ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగించాను. మొదటిసారి అన్నయ్య వినిపించుకోలేదన్నారు. రెండోసారి, ఎందుకే ఇప్పుడు అదంతా అన్నారు. మధ్యలో ఎవరూ నీళ్ళు కలపకుండా ఉండాలని ఇక్కడ రాస్తున్నాను. బావగారూ, ఆ ఇంజన్ దారిలో ఆగిపోవచ్చని మీకు ఆ ఒడ్డునే తెలిసింది. తెలిసే ఆవిడకి జాకెట్ కట్టారు. మరి వెనక్కి తిరగకుండా మా ఇద్దరితో "ఎక్కండి" అన్నప్పుడు, మా గురించి ఏమనుకున్నారు?